తీసి పడేస్తే అయిపోతది

"మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు సార్? తీసి పడేస్తే అయిపోతది."

ఈ మాట మొదట మెకానిక్ అన్నాడు. తర్వాత స్పేర్ పార్టుల షాపతను అన్నాడు. చివరికి సెల్లార్‌లో నేను బానెట్ ఎత్తగానే వచ్చి నిలబడ్డ వాచ్‌మన్ కూడా అన్నాడు, అతనికున్నది సైకిలు. చలికాలం తెల్లవారుజామున హైవే మీద టెంపరేచర్ ముల్లు అడుగునుంచి లేవట్లేదు, మైలేజీ పడిపోయింది మొర్రో అంటుంటే, "చల్లగుంటే మంచిదే కదా" అని నన్నే ఓదారుస్తారు. ఇంజనేమన్నా పుచ్చకాయా? అది చల్లగా ఉన్నంతసేపూ ఇంకా వేడెక్కలేదనుకుని లోపలి కంప్యూటర్ పెట్రోలు ఎక్కువెక్కువ పోయిస్తూనే ఉంటుంది. ఆ డబ్బులు వాచ్‌మన్‌వి కావు.

పని నిజానికి చిన్నదే. ఇంజన్ చల్లారాక కూలెంట్ దింపి, హోస్ పైపు లాగి, మూత బోల్టులు విప్పితే, తెరుచుకునే ఉండిపోయిన పాతది చేతికొస్తుంది. గాలి పోయే చిన్న రంధ్రం పైకి ఉండేలా కొత్తది పెట్టి, కొత్త రబ్బరు రింగు వేసి బిగించాలి. కాకపోతే బిగించే ముందు దాన్ని నీళ్లలో కాచి, తెరుచుకుంటోందో లేదో చూసుకోవడం మంచిది. నా దాని మీద 88 అని చెక్కి ఉంది. లోపలున్న మైనం ఆ వేడికి కరిగి, ఉబ్బి, వాల్వును తోస్తుంది.

కాచడానికి గిన్నె కావాలి. మా వంటింట్లో గిన్నెలకు వంశవృక్షాలున్నాయని పెళ్లయిన ఇన్నేళ్లకు తెలిసింది. పాలగిన్నె సంగతి ఎత్తనే కూడదు. ఇత్తడిది వ్రతానికి తప్ప దిగదు. పప్పుగిన్నె అత్తగారు కాశీ నుంచి మోసుకొచ్చింది. సాంబారు గిన్నె మీద చెయ్యి వేశానో లేదో, దాన్ని తిరగేసి చూపించింది మా ఆవిడ. అడుగున మా పెదనాన్నగారి అమ్మాయి పేరూ, గృహప్రవేశం తేదీ చెక్కి ఉన్నాయి.

"రేపు వదినొస్తే ఏ మొహం పెట్టుకుని ఇందులో సాంబారు కాస్తాను?"

"ఏళ్ల తరబడి రానే లేదుగా?"

"దీన్ని పాడుచేశాక వస్తుంది."

పోనీ, గుడ్లుడకబెట్టే గిన్నె? "తినేది మీరేగా, మీ ఇష్టం" అంది. ఆ మాటలోని శాపం నాకర్థమైంది. డబ్బాలోంచి అప్పుడే తీసిన కొత్త సామానని బతిమాలాను. "పక్కన పాతదీ వేసి పోల్చి చూస్తారు. నాకు తెలీదా?" నిజంగానే తెలుసు. పాతదానికంటిన కూలెంట్‌లో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి. ఈ విజ్ఞానం ఆవిడకు పంచిపెట్టిన మహానుభావుణ్ని నేనే. చివరికి చెవి ఊడిపోయిన గంజి గిన్నె మంజూరైంది, మళ్లీ వంటింటి గడప తొక్కకూడదన్న షరతు మీద.

జ్వరం చూసే థర్మామీటరు 42 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి కళ్లే దిక్కు. దారానికి వేలాడదీశాను. నీళ్లు ఇంకా తెర్లకముందే అది మెల్లిగా నోరు తెరిచింది.

ఆ పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు మెకానిక్ మీద కోపం కొంత దిగింది. స్పేర్లు దొరకని రోజుల్లో ఇది మూసుకుని ఉండిపోతే, ఘాట్ రోడ్డు మీద హెడ్ గాస్కెట్ కాలిపోయేది. తీసెయ్యడమే తెలివి. ఆ రోజులు పోయాయి, సలహా మిగిలింది. స్థలం పంపకాల్లో మాటామాటా పెరిగిందని తమ్ముడింటికి రాకపోకలు తీసేశాం మేము. ఏం, బండి నడవట్లేదా? నడుస్తూనే ఉంది, చల్లగా.

సరే, బిగించాను. కొత్త కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం పోసి, రేడియేటర్ మూత తీసి, ఇంజన్ ఆన్ చేసి, గాలి బుడగలు పోయేదాకా హీటర్ ఫుల్లుగా పెట్టుకుని కూర్చున్నాను. ముల్లు సగానికి వచ్చి నిలబడింది. నేను చెమటలో మునిగాను.

మిగిలింది పాత కూలెంట్. నీళ్లలో కలవకూడదని క్యాన్‌లో పట్టాను. షాపతను "మోరీలో పారబోయండి సార్" అన్నాడు. కొనేవాళ్లు లేరు, ఊరికే ఇచ్చినా తీసుకునేవాళ్లు లేరు. చెత్త బండి వచ్చినప్పుడు క్యాన్ పట్టుకుని కిందికి పరుగెత్తాను.

"తడి చెత్తా, పొడి చెత్తా?" అన్నాడు బండతను.

తడే గానీ తడి చెత్త కాదని నేను వివరించడం మొదలుపెట్టేసరికి, బండి పాట పాడుకుంటూ పక్క వీధికి తిరిగింది.