నేను చెప్పిన సున్నా

శ్రీకాకుళంలో ఓ డిగ్రీ కాలేజీ స్టాటిస్టిక్స్ ల్యాబులో, కిటికీ పక్క బల్ల మీదున్న పాత కంప్యూటర్ని నేను. ఎందరో పిల్లల వేళ్లు తగిలి నా కీబోర్డు మీద సున్నా గుర్తు ఎప్పుడో చెరిగిపోయింది.

ఓ రోజు సోంపేట అమ్మాయి మేడమ్ ఇచ్చిన మూడు సంఖ్యలు కొట్టింది: 10,00,00,001, 10,00,00,002, 10,00,00,003. అవి సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే వేరియన్స్ అడిగింది. సున్నా అన్నాను.

"మేడమ్, తేడా నేదంటంది! మూడూ వేరే కదేటి?"

నోటిలెక్కకే తేలిపోతుంది. సగటు నుంచి తేడాలు −1, 0, 1. వాటి వర్గాల మొత్తం 2, శాంపిల్ వేరియన్స్ కాబట్టి మూడుకు ఒకటి తగ్గించి, దాన్ని రెండుతో భాగిస్తే 1. నేనలా చెయ్యలేదు. ఒక్క చుట్టులో పనైపోతుందని ముందు వర్గాలన్నీ కూడి, అందులోంచి, మూడు సంఖ్యల మొత్తానికి కట్టిన వర్గంలో మూడోవంతు తీసేశాను. పుస్తకాల్లో ఉన్న సూత్రమే, కాగితం మీద తప్పులేదు. కానీ 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం ఒక్కో సంఖ్య అంకెలకు నాకు పట్టేది 53 బిట్లు, అంటే దాదాపు 16 అంకెలు. ఈ వర్గాలకు 17 అంకెలున్నాయి. మొదటి వర్గం చివరి 1 జారిపోయింది, మూడోదాని చివరి 9 కాస్తా 8 అయింది. అలా పోయిన రెండే మాకు కావలసిన రెండు!

నన్ను బాధపెట్టింది తప్పొక్కటే కాదు, హెచ్చరిక కూడా లేకుండా చెప్పడం. పలాస జీడిపిక్కల బరువుల్లాంటి చిన్న సంఖ్యలకు ఈ ప్రమాదం లేదు. అదే కళింగపట్నం తీరాన్ని భూమధ్యరేఖ నుంచి మిల్లీమీటర్లలో కొలిస్తే రెండు వందల కోట్లు దాటుతుంది. అక్కడ నా సున్నాను నమ్మితే, కదిలిన తీరం కదల్లేదనుకుంటారు.

వారం తిరక్కుండా మేడమ్ నాలో గ్నూమెరిక్ అనే స్ప్రెడ్‌షీట్ ఎక్కించారు. మెకల్లో అనే పరిశోధకుడు అందులో తప్పులు ఎత్తిచూపితే, రాసినవాళ్లు వాటిని సరిదిద్దారు. ఓపెన్ సోర్స్ కాబట్టి కోడ్ తెరిచి పిల్లలకు చూపించారు మేడమ్. 1962లో వెల్‌ఫర్డ్ చెప్పిన పద్ధతీ బోర్డు మీద చేయించారు: సంఖ్య వచ్చినప్పుడల్లా సగటును సవరించుకుంటూ, తేడాలనే కూడబెట్టడం. లిబ్రెఆఫీస్ కాల్క్ కూడా, కూడికల్లో రాలిపోయే ముక్కల్ని దాచి మళ్లీ కలిపే కహాన్ పద్ధతి తెచ్చుకుంది.

ఆ అమ్మాయి మళ్లీ అవే సంఖ్యలు కొట్టింది. ఒకటి అన్నాను.

మీ స్ప్రెడ్‌షీట్‌లోనూ ఆ మూడూ వేసి శాంపిల్ వేరియన్స్ చూడండి. ఒకటి రాకపోతే దాన్ని రాసినవాళ్లకు చెప్పండి.