రానూ పోనూ

నెల్లూరు ట్రంకు రోడ్డులో విమానం టికెట్లు అమ్మే కొట్టు అది. భోజనాల వేళ దాటింది. మైపాడు నుంచి బస్సులో వచ్చిన పెద్దాయన కౌంటరు ముందు కూర్చుని, లావోస్ పోవాలన్నాడు.

కౌంటర్లో కుర్రాడు తలెత్తాడు. ఈ చుట్టుపక్కల వాళ్లు సింగపూరంటారు, మలేషియా అంటారు, వయసు పిల్లలైతే బ్యాంకాక్ అంటారు. లావోస్ పేరెత్తి వచ్చేవాళ్లు తక్కువ.

“మంచి దేశం పెద్దాయనా. గోలుండదు, రద్దీ ఉండదు. ఫ్యామిలీతోనా?”

“ఒక్కడినే.”

కుర్రాడు కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పాడు. చైనా, వియత్నాం, కంబోడియా, థాయ్‌లాండ్, మయన్మార్. ఐదు దేశాల నడుమ నిలువుగా పడుకున్న నేల. పెద్దాయన దాని అంచు వెంట వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. నీలం రంగు ఎక్కడా తగల్లేదు.

“సముద్రం లేదా?”

“లేదు. మెకాంగ్ నది ఉంది. దాని ఒడ్డునే లువాంగ్ ప్రబాంగ్. 1995లో యునెస్కో వారసత్వ పట్టణంగా గుర్తించింది. తెల్లారుజామున బౌద్ధ సన్యాసులు వరసగా భిక్షకు వస్తారు, అది చూడ్డానికే పోతారు జనం. రాజధాని వియంటియాన్ నుంచి రైల్లో రెండు గంటలు. 2021 డిసెంబరులో మొదలైందా లైను. దక్షిణాన వాట్ ఫూ అని పాత శివాలయం ఉంది, మన పురావస్తు శాఖ వాళ్లే పోయి బాగుచేస్తున్నారు. మన వంద రూపాయలకి అక్కడ ఇరవై వేల కిప్‌లు పైనే వస్తాయి. వీసా దిగినాకే ఇస్తారు.”

పెద్దాయన అడ్డు చెప్పకుండా విన్నాడు. ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ కవరుంది. చెరువుగట్ల మీద తిరిగేవాళ్లు కాగితాలు తడవకుండా పెట్టుకునే కవరు. దాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఆనించాడు.

“బొకియో యాడుంది?” అన్నాడు.

కుర్రాడు వెతికి చూపించాడు. వాయవ్యం మూల, థాయ్‌లాండ్ సరిహద్దు.

“అక్కడ చూడ్డానికేం లేదు పెద్దాయనా. కాసినో ఒకటుంది.”

“ఆడ నది ఎంత వెడల్పుంటాది?”

కుర్రాడికి తెలియదు.

“రాత్రిపూట పడవ దాటనిస్తారా?”

అదీ తెలియదు. కుర్రాడు మౌస్ వదిలేసి ఆయన ముఖంలోకి చూశాడు.

“బొకియోలో మీకెవరున్నారు?”

“మా వాడు.”

చెప్పడం మొదలుపెట్టాక పెద్దాయన ఆగలేదు. గొంతు పెంచలేదు. ఇందుకూరుపేట మండలంలో రెండు వనామి చెరువులు కౌలుకి చేస్తున్నాడు. ఒకదాన్ని తెల్లమచ్చ తినేసింది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయేసరికి రెండోదాంట్లో రొయ్యకి రేటు లేకపోయింది. మేత కొట్టు బాకీ అట్లే నిలబడింది. డిగ్రీ చదివిన కొడుకు ఏరియేటర్లు ఆపి, ఫోన్లో ఉద్యోగం వెతుక్కున్నాడు. కస్టమర్ సపోర్ట్ అన్నారు. ఫోన్లోనే ఇంటర్వ్యూ, టైపింగ్ పరీక్ష. పాసయ్యాడు. బ్యాంకాక్‌లో దిగితే చాలు, అక్కడ మనిషి వచ్చి తీసుకుపోతాడన్నారు. వచ్చాడు, తీసుకుపోయాడు. ఉత్తరాదికి పోయి చియాంగ్ సేన్ దగ్గర పడవెక్కించి, రాత్రిపూట నది దాటించారు. అవతలి గట్టున పాస్‌పోర్టు తీసుకున్నారు.

“గోల్డెన్ ట్రయాంగిల్ జోన్ అంటారంట ఆ చోటిని. 2007లో పెట్టినారు. 99 ఏళ్లకి రాసిచ్చినారంట చైనా కంపెనీకి. మా వాడి చేతికి ఒక ఆడపిల్ల ఫొటో ఇచ్చి, ఆ పిల్ల మాదిరి తెలుగోళ్లతో ఫోన్లో మాట్లాడమన్నారు. స్నేహం కుదిరినాక డబ్బు పెట్టించాల. ఆ రోజు లెక్క పూర్తి కాకపోతే కూడు లేదు.”

కుర్రాడు ఇంకో కుర్చీ జరిపి పెద్దాయన పక్కకొచ్చి కూర్చున్నాడు. మంచినీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు.

పెద్దాయన తాగలేదు. కవరులోంచి మేత కంపెనీ పాకెట్ క్యాలెండరు తీశాడు. దాని వెనక వియంటియాన్‌లోని మన దౌత్య కార్యాలయం నంబరు రాసుంది. 2024 ఆగస్టులో వాళ్లు ఆ జోన్ నుంచి 47 మంది భారతీయుల్ని బయటికి తెచ్చారు. అప్పటికి మొత్తం 635 మందిని వెనక్కి పంపారు. దిగినాక ఇచ్చే వీసా మీద అక్కడ ఉద్యోగం చేయకూడదని, పర్యాటక వీసా మీద వెళ్లినవాళ్లకి వర్క్ పర్మిట్ రాదని వాళ్లు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. ఆ మాట మైపాడు దాకా రావలసిన టైములో రాలేదు.

“వాళ్లు తెస్తారు. తెచ్చిందాకా నేనీడ కూర్చోలేను. గేటు బయటన్నా ఉంటా.”

“ఉద్యోగమని ఎవడు పంపించాడో వాణ్ణి చెప్పుతో కొట్టాల” అన్నాడు కుర్రాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి. లేచిపోయి మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. “నేను చేస్తా పెద్దాయనా. సర్వీసు చార్జీ వద్దు. చెన్నై నుంచి బ్యాంకాక్, బ్యాంకాక్ నుంచి వియంటియాన్. రానూ పోనూ వేస్తాను.”

“పోయేదానికి ఒకటి. వచ్చేదానికి రెండు.”

కుర్రాడు తలాడించి కీబోర్డు మీద వేళ్లు ఆడించాడు. “తిరుగు టికెట్టు మాత్రం దగ్గరుండాల. హోటల్ బుకింగ్ కాగితం కూడా నేనే ఇస్తా, మీరు ఎక్కినాక దాన్ని క్యాన్సిల్ చేసేస్తాం. ఇమిగ్రేషన్‌లో ఏమన్నా అడిగితే టూర్ అని చెప్పండి. ఆ రెండు కాగితాలు చూపిస్తే ఇంకెవరూ నోరెత్తరు. అందరికీ ఇట్లనే చేస్తాం.”

పెద్దాయన చాలాసేపు అతని వైపే చూశాడు.

“వచ్చేదాంట్లో మా వాడిది కొనబన్లేదేమో చూడు నాయనా. వాడి డబ్బు కట్టే ఉండాది.”

కవరులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. బ్యాంకాక్ టికెట్టు. చెన్నై నుంచి పోనూ, చెన్నైకి రానూ. పేరు, వయసు 24. దానికి పిన్ను కొట్టి బ్యాంకాక్ హోటల్లో నాలుగు రాత్రుల బుకింగ్. తిరుగు తేదీ దాటి నాలుగు నెలలైంది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి.

“ఇంట్లో అమ్మకి ఈ కాగితమే చూపించినాడు. తిరిగొచ్చే టికెట్టు ఉండాది గదా, ఏడుస్తావేందని.”

కుర్రాడు తేదీ చూసి పెదవి విరిచాడు.

“ఇది చెల్లదు పెద్దాయనా. ఎక్కకపోతే పోయినట్టే. ఒకవేళ తేదీ మార్చే వీలున్నా అమ్మినవాళ్లే మార్చాల, మా చేతుల్లో లేదు. యాడ కొన్నాడు ఇది?”

పెద్దాయన కాగితాన్ని తిప్పి గాజుబల్ల మీద పెట్టాడు.

వెనక ఉన్న ముద్ర ఆ కొట్టుదే.