సీలు విప్పని సారు

బొల్లారం అనగానే రాష్ట్రపతి నిలయం గుర్తుకొస్తే మీరు వేరే బస్సెక్కారు. అది సికింద్రాబాద్ పక్కనున్న బొల్లారం. నేను చెబుతున్నది మియాపూర్ దాటాక, సంగారెడ్డి జిల్లాలో, మందుల కంపెనీల నడుమ ఉన్న బొల్లారం. ఇక్కడ రాష్ట్రపతి నిలయం లేదు గానీ కాలనీకొక బొమ్మల నిలయం ఉంటుంది. దానికి జెడ్ కేటగిరీ భద్రత కల్పించే గృహస్థు ఒకాయన ఉంటాడు. అసలు పేరు గేటు పక్క పలక మీద ఉంటుంది. జనం నోళ్లలో మాత్రం ఆయన ‘డబ్బా సార్’.

డబ్బా సార్‌కు నలభై దాటి ఉంటాయి. మందుల కంపెనీలో క్యూఏ, అంటే నాణ్యత చూసే విభాగం. పగలంతా మాత్రలు డబ్బాలోకి సరిగ్గా వెళ్లాయా లేదా అని చూస్తాడు. సాయంత్రం కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చాక, బొమ్మలు డబ్బాలోంచి బయటికి రాలేదు కదా అని చూస్తాడు. మొదటి పనికి జీతం వస్తుంది. రెండో పనికి ఆ జీతం పోతుంది.

ఆయన దగ్గర హాట్ వీల్స్ కార్లున్నాయి, సూపర్ హీరోలున్నారు, జపాన్ కార్టూన్ల వీరులున్నారు, ఒంటికి మించిన తలకాయలున్న ఫంకో పాప్‌లున్నాయి. ఉన్నాయని ఆయన చెప్పగా వినడమే గానీ కళ్లారా చూసినవాళ్లు తక్కువ. బొమ్మ మీద అట్టపెట్టె, దాని మీద ప్లాస్టిక్ కేసు, దాని మీద పాలిథిన్ కవరు, దాని మీద దుప్పటి. దుప్పటి మీద ఆయన చూపు.

ఇల్లు రెండు పడగ్గదులది. ఒకటి బొమ్మలకు, ఇంకొకటి మనుషులకు. ఏసీ ఏ గదిలో ఉందో వేరే చెప్పాలా? అడిగితే ప్రభుత్వ ఆధారమే చూపిస్తాడు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితా వేస్తే అందులో పటాన్‌చెరు–బొల్లారం కూడా ఉంది. “గోడ రంగే ఆగని ఊర్ల డబ్బా రంగు ఆగుతదా?” అని కిటికీలకు సీలు కొట్టించాడు. మరి పిల్లలూ ఆ గాలే పీలుస్తున్నారు కదా సార్ అంటే, “వాళ్లకు రీసేల్ లేదు గదా” అన్నాడు.

ఓ మే నెలలో అత్తగారు వచ్చి, ఉక్కకు తాళలేక ఏసీ గదిలో పడుకుంటానంది. “వద్దత్తమ్మా, మనిషి ఊపిరిల తేమ ఉంటది” అన్నాడు అల్లుడు ఎంతో మర్యాదగా. ఆమె మర్నాడే మెదక్ బస్సెక్కింది. ఊపిరి కూడా వెంట తీసుకెళ్లింది.

తేమ గురించి ఆయనకు తెలిసినంత నీటిపారుదల శాఖకు కూడా తెలియదు. మన దేశంలో మందుల నిలకడను 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ దగ్గర పరీక్షిస్తారు. త్వరగా తేల్చాలంటే 40 డిగ్రీలు, 75 శాతం తేమలో 6 నెలలు ఉంచుతారు. ఇవి కంఠతా వచ్చిన మనిషికి పీడకలలు కూడా అంకెల్లోనే వస్తాయి. అందుకే గదిలో తేమ కొలిచే మీటరు, పక్కనే లాగ్‌బుక్కు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రీడింగు. ‘నమోదు చేసినవారు’ దగ్గర ఆయన సంతకం, ‘సరిచూసినవారు’ దగ్గర భార్య సంతకం. ఓ రోజు రిమార్క్స్ గడిలో ఆవిడ “బియ్యం అయిపోయినయ్” అని రాసింది. ఆయన దానికి డీవియేషన్ నంబరు వేసి, వివరణ కోరాడు.

మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలను మనమంతా పారేస్తాం. వాటికి ఆ ఇంట్లో ప్రత్యేకంగా ఒక అర ఉంది. రంగు మారే రకమైతే మరీ ఇష్టం. పొడిగా ఉన్నప్పుడు నీలం, తేమ పీల్చాక గులాబీ. గులాబీ అయినవాటిని ఓవెన్‌లో పెట్టి మళ్లీ నీలానికి తెస్తాడు. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, కడుపులోకి పోతే మంచిది కాదు గనక ఆ ఓవెన్‌లో తినేవేవీ వండకూడదని ఆయనే ఆర్డరు వేశాడు. పిల్లల పుట్టినరోజుకు కేకు చేద్దామని ఆవిడ ముచ్చటపడి కొనుక్కున్న ఓవెన్ అది.

“బొమ్మలకు చలి, మాకు చెమట. మేం గూడ డబ్బాల కూసుంటం, ఏసీ ఏస్తవా?” అందావిడ.

“ఒరిజినల్ డబ్బా ఉన్నదా మీకు?” అన్నాడు.

ఆదివారం ఆయన వేటకు బయల్దేరతాడు. సూపర్ మార్కెట్‌లో జనం ఉల్లిగడ్డలు ఏరుకునే వేళకు ఈయన హాట్ వీల్స్ కొక్కేల దగ్గరుంటాడు. ఫోన్ లైటు వేసి అట్ట మూలలు చూస్తాడు. మూల వంగితే కారు ఎంత మంచిదైనా వద్దు. 1968లో మొదలైన ఈ బుల్లి కార్లలో 1995 నుంచి ‘ట్రెజర్ హంట్’ అని అరుదైన రకాలు కలుపుతున్నారు. వాటిలోనూ ‘సూపర్’ రకానికి ప్లాస్టిక్ చక్రాలకు బదులు అసలైన రబ్బరు టైర్లు ఉంటాయి. ఒకసారి అలాంటిది ఆయన చేతికి చిక్కింది. రబ్బరు టైర్లు ఉన్నందుకు దానికి ధర ఎక్కువ. ఆ టైర్లు అంగుళం కూడా దొర్లనందుకు ఇంకా ఎక్కువ.

కొడుక్కి ఎనిమిదేళ్లు. నాన్న ఏది కొన్నా రెండు కొంటాడని వాడు కొన్నాళ్లు ఆశపడ్డాడు. ఒకటి దాచడానికి, ఇంకొకటి ఆడుకోవడానికి అనుకున్నాడు పాపం. సంగతేంటంటే ఒకటి దాచడానికి, రెండోది ఆ మొదటిదానికేమైనా అయితే దాచడానికి. ఇప్పుడు వాడు ఖాళీ అగ్గిపెట్టెకు సీసా మూతలు తగిలించి వరండాలో తోలుతున్నాడు. డబ్బా సార్ అది చూసి ముచ్చటపడలేదు. “అగ్గిపెట్టె అంచులు నలుగుతున్నయ్ రా” అన్నాడు.

ఇంటికి వచ్చినవాళ్లకు టీతో పాటు ఒక చరిత్ర పాఠం కూడా దొరుకుతుంది. 1977లో స్టార్ వార్స్ సినిమా వచ్చింది. బొమ్మలు చేయాల్సిన కెన్నర్ కంపెనీ క్రిస్మస్ నాటికి వాటిని అందించలేకపోయింది. అప్పుడేం చేసింది? బొమ్మల్లేని అట్ట కవరు అమ్మింది! లోపలి కూపన్ పోస్టులో పంపితే, మరుసటి ఏడాది నాలుగు బొమ్మలు ఇంటికొచ్చాయి. ఈ ఘట్టానికి వచ్చేసరికి డబ్బా సార్ గొంతు జీరపోతుంది. “బొమ్మ అడ్డం లేని డబ్బా! అంత స్వచ్ఛమైన సరుకు మళ్ల రాలే.”

తరవాత ఆర్థిక శాస్త్రం. రష్యాలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987 నుంచి 2015 దాకా వచ్చిన విప్పని లెగో సెట్ల ధరలు లెక్కగట్టి, ఏడాదికి సగటున కనీసం 11 శాతం రాబడి ఉందన్నారు. ఆ కాగితం ప్రింటు తీసి లామినేట్ చేయించాడు. కొన్ని సెట్లు 600 శాతం పెరిగాయన్న చోట ఎర్రగీత ఉంటుంది. కొన్ని సగానికి పడిపోయాయన్న చోట మాత్రం లామినేషన్ కాస్త మసకబారింది.

మీరు ఊరుకోక బీనీ బేబీల సంగతి ఎత్తారనుకోండి. 1990లలో అమెరికా జనం ఆ గుడ్డబొమ్మల చెవి ట్యాగులకు కూడా తొడుగులు వేసి దాచారు. 1999లో లాస్ వేగాస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట కోర్టు హాల్లో నేల మీద కూర్చుని ఒక్కో బొమ్మా పంచుకున్నారు. తరవాత వాటి ధరలు కుప్పకూలాయి. 2023లో ఫంకో కంపెనీయే 3 కోట్ల డాలర్లకు పైగా విలువైన సరుకును చెత్తకు పంపేస్తామని ప్రకటించింది. అన్నీ విని డబ్బా సార్ నవ్వుతాడు. “మంచిదే గదా! వాళ్లు పారేసినకొద్దీ మనది అరుదైతది.”

ఇంత అనుభవమున్న మనిషి శిల్పారామంలో నిర్మల్ బొమ్మ దగ్గర చిత్తయ్యాడు. పొనికి కర్రతో చేసిన జింక. చూడగానే మనసు పడ్డాడు. “ఒరిజినల్ బాక్స్ ఏది?” అని అడిగాడు. “గీ బొమ్మే ఒరిజినల్ సార్” అన్నాడు అమ్మే ఆయన. బాక్స్ లేదు, బార్‌కోడ్ లేదు. 2021 జనవరి 1 నుంచి దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు గానీ, భౌగోళిక గుర్తింపు ఉన్న ఇలాంటి చేతిబొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. అంటే చించకుండా కాపాడటానికి ఒక స్టిక్కరైనా లేదు. డబ్బా సార్ నుదుట చెమట పట్టింది. అమ్మే ఆయన జాలిపడి, జింకను పాత పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసిచ్చాడు. ఇప్పుడు ఆ న్యూస్ పేపరే ఒరిజినల్ ప్యాకింగు. పేపరు మీద తేదీ ఉంది గనక బ్యాచ్ నంబరు బాధ కూడా లేదు. జింకను ఇంటిల్లిపాదిలో ఎవరూ చూడలేదు. పేపరు మీదున్న రాశిఫలాలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

కింది వాటాలో గోదావరి జిల్లా మామ్మగారు ఒకావిడ ఉంటుంది. కంపెనీలో పనిచేసే కొడుకు వెంట వచ్చింది, ట్రంకు పెట్టె తెచ్చుకుంది. ఏడాదంతా దానిలో పాత చీర ముక్కల మధ్య, ఎండిన వేపాకు వాసనలో బొమ్మలు నిద్రపోతాయి. సంక్రాంతికి లేచి బొమ్మల కొలువు మెట్ల మీద కూర్చుంటాయి. ఏనుగుకు తొండం అతికించి ఉంటుంది, చెట్టియారుకు బొజ్జ మీద రంగు పోయింది. కాలనీ పిల్లలంతా వచ్చి శనగలు తిని, ఆ చేతులతోనే వాటిని ముట్టుకుని పోతారు. క్యూఏ లెక్కన ఒక్క బొమ్మా పాసవదు. ఓ సంక్రాంతికి మామ్మగారు పైకొచ్చి, “నీ దగ్గర బోలెడు బొమ్మలున్నాయటగా నాయనా, నీ కొలువెప్పుడు?” అనడిగింది.

“మార్కెట్ పెరిగినంక, మామ్మగారూ” అన్నాడు.

మార్కెట్ కంటే ముందు ఇంకోటి పెరిగింది. ఓ రాత్రి ఆయన తనిఖీలో ఖరీదైన జపాన్ బొమ్మ ఒళ్లంతా నూనె పట్టినట్టు మెరుస్తూ కనిపించింది. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో కలిపే ప్లాస్టిసైజర్ కాలం గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. గాలి తగిలే చోట కొంత ఎగిరిపోతుంది. మూసిన డబ్బాలో పోయే దారి లేక బొమ్మకే జిగురులా పట్టేస్తుంది. వైద్యం తేలికే. సీలు విప్పి, గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, గాలికి పెట్టాలి. కానీ విప్పితే ధర పోతుంది, విప్పకపోతే బొమ్మ పోతుంది. మూడు రాత్రులు నిద్ర మానుకుని మూలకారణ విశ్లేషణ రాశాడు. చివరి పేజీలో ఇలా తేల్చాడు: ‘మూలకారణం: బొమ్మ. డబ్బా అన్ని ప్రమాణాల ప్రకారం ఉంది. డబ్బా పాస్.’

ఇంతకీ ఇన్నేళ్లలో ఎన్ని అమ్మాడు? ఒక్కటీ లేదు. కూకట్‌పల్లి నుంచి ఓ కుర్రాడు డబ్బు పట్టుకుని, ఆ రబ్బరు టైర్ల కారు కోసం వచ్చాడు. కొన్న ధరకు ఎన్నో రెట్లు ఇస్తానన్నాడు. డబ్బా సార్ అనుమానంగా చూశాడు. “ఇయ్యాల ఇంత ఇస్తున్నవంటే రేపు ఇంకెంత ఉంటదో” అని టీ ఇచ్చి పంపేశాడు. ఇంకో ఏడాది ధర పడింది. “పడ్డప్పుడు అమ్మేటోడు పిచ్చోడు” అన్నాడు. పెరిగితే అమ్మడు, పడితే అమ్మడు, నిలకడగా ఉంటే పెరిగేదాకా ఆగుతాడు. ఆయనను ఇన్వెస్టర్ అనేవాళ్లకు లెక్కలు రావు. ఆయన జీతం లేని వాచ్‌మన్, కరెంటు బిల్లు కూడా తనే కట్టుకునే వాచ్‌మన్.

అయినా ఆయనను చూసి మరీ నవ్వకండి. మీ ఇంట్లో టీవీ రిమోట్‌కు కవరు తీశారా? కారు కొని రెండేళ్లయినా సీట్ల ప్లాస్టిక్ అలాగే ఉంది కదా? అటక మీద ఏనాడో పోయిన ఫోన్ తాలూకు డబ్బా లేదని ప్రమాణం చేయగలరా? మనమంతా ఆయన డిపార్ట్‌మెంట్‌లో ట్రైనీలమే. ఆయన ప్రమోషన్ కొట్టాడు, అంతే.

మీరూ దాచే రకమైతే ఆయన దగ్గర నేర్చుకోవాల్సినవి లేకపోలేదు. ఎండ తగలనీయకండి, అట్టపెట్టెకు సెల్లో టేపు వేయకండి, చెదల భయం గనక నేల మీద పెట్టకండి, అప్పుడప్పుడు తీసి చూడండి. ఈ చివరిది ఆయన చెప్పలేదు, కింది వాటా మామ్మగారు చెప్పింది. దాచే అలవాటు లేదంటే ఇంకా మంచిది. ఇవాళే సీలు చించి బొమ్మను పిల్లల చేతికివ్వండి. డబ్బాను మాత్రం చెత్తబుట్టలో వేయకండి. బొల్లారం పంపండి, రవాణా ఖర్చులు ఆయనే పెట్టుకుంటాడు.