రెండు బాడీలు, ఒక ఛాసీ, మా ఆవిడ

లారీకి ప్రాణం వేరు, ఒళ్ళు వేరు అని బెజవాడ పిల్లలకి ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు. కంపెనీ గేటులోంచి బయటికొచ్చేది ఇంజనూ, ఛాసీ, చక్రాలూ. నెత్తిమీద కప్పు లేకుండా, మొహానికి తువ్వాలు చుట్టుకుని డ్రైవరు దాన్ని హైవే మీద తోలుకొస్తుంటే మా చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. ఆటోనగర్ చేరాక వడ్రంగీ, వెల్డరూ, పెయింటరూ కలిసి దానికి క్యాబినూ బాడీ కట్టి, వెనకాల రెండు నెమళ్ళు దించి, ముందు నిమ్మకాయలు కట్టి పంపేవారు. అలాంటి ఊళ్ళో పెరిగినవాడికి ఏ బాడీ అయినా ఏ ఛాసీ మీదైనా కూర్చుంటుందన్న నమ్మకం ఉగ్గుపాలతోనే వస్తుంది. మా ఆవిడది తెనాలి. ఆవిడకి ఈ నమ్మకం లేదు.

"ఒకదాని ఒళ్ళు ఇంకోదానికి తగిలిస్తే సరిపోయేదైతే, మీ తలకాయ ఎప్పుడో మార్పించేదాన్ని కదండీ" అంటుంది.

మాకో పాత పికప్పు ఉంది. అద్దెకి తిప్పుతాం. ఎండాకాలం నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు, తక్కిన కాలం కైకలూరు వైపు నుంచి చేపలూ రొయ్యలూ. మామిడికాయ బండిని ఏమీ చెయ్యదు. బండిని తినేది రొయ్య. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు తొట్టి అతుకుల్లోకి దిగి, పైన పెయింటు నిగనిగలాడుతుండగానే కింద రేకుని తినేస్తాయి. చివరికి మా తొట్టిలో నిలబడితే రోడ్డు కనపడేది. "నీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి, మంచిదేగా" అని కొన్నాళ్ళు సమర్థించుకున్నాను. నీళ్ళతో పాటు రొయ్యలూ జారిపోతున్నాయని సరుకు షావుకారు లెక్క చూపించాక నోరు మూసుకున్నాను.

మేముండేది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో ఏం జరిగిందో మళ్ళీ చెప్పక్కర్లేదు. అటు కృష్ణమ్మ ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతుంటే, ఇటు బుడమేరు గండ్లు పడి మా వీధుల్లోకి వచ్చింది. మేం డాబా మీదికెక్కాం. పికప్పు ఎక్కలేదు. నీళ్ళు తీశాక ఇంజను విప్పి ఆరబెట్టి, ఆయిళ్ళు మార్చి, ఎలాగో బతికించారు. ట్యాంకు మాత్రం లొంగలేదు. నీళ్ళు డీజిల్ కంటే బరువు, అడుక్కి చేరతాయి. ఇంజనుకి వెళ్ళే గొట్టం మూతి కూడా అడుగునే ఉంటుంది. అంటే పంపు ముందు తాగేది బుడమేరునే. పైగా ట్యాంకు లోపల తుప్పు లేచి, కొత్త ఫిల్టరు వేసిన రెండో నాటికే ఎర్రగా మూసుకుపోయేది.

"వెల్డింగ్ పెట్టి, కడిగించి వాడదాం" అన్నాను మేస్త్రీతో. ఆయన నా వైపు జాలిగా చూశాడు. డీజిల్ నిండా ఉన్న ట్యాంకు కంటే ఖాళీ చేసిన ట్యాంకే ప్రమాదమట. మిగిలేది ఆవిరి, అంటుకునేది ఆవిరే. అతుకు వెయ్యాల్సొస్తే నీళ్ళతో నింపి మరీ వేస్తారట. "లోపల తుప్పు పట్టిందానికి బయట అతుకేస్తే ఏం లాభం సార్" అన్నాడు. ఆ మాట ట్యాంకు గురించే అన్నాడని ఇప్పటికీ అనుకుంటున్నాను.

అప్పుడొచ్చింది నా బుర్రలోకి ఆ మహత్తర ఆలోచన. ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో దొరకని భాగం ఉండదు. ముందు ట్యాంకు కోసం వెళ్ళాను. అక్కడ మొత్తం బండే కనపడింది. మా పికప్పు పేరే, మా కంపెనీయే. కంపెనీ పేరు చెప్పను, తప్పు వాళ్ళది కాదు. ఇంజను పట్టేసింది, గేర్‌బాక్సు ఎవరో పట్టుకుపోయారు, కానీ తొట్టి! దాని జన్మంతా పరుపులూ దిండ్లూ తప్ప మొయ్యలేదట. గీత లేదు, సొట్ట లేదు. కాగితాల మీద రద్దయిన బండి కాబట్టి చవగ్గా ఇస్తానన్నాడు. తొట్టికి వేరే ధర, ట్యాంకుకి వేరే ధర అడిగితే రెండూ కలిపి బండి ధరకి కాస్త తక్కువ. కాస్త తక్కువే కదా అని బండి మొత్తం కొన్నాను. మిగతా ఇనుము అమ్ముకోవచ్చన్నది నా లెక్క. ఆ లెక్క ఇప్పటికీ మా ఇంటి పక్క సందులో ఉంది, పిల్లులు కాపురం పెట్టాయి.

నడి ఎండాకాలం. ఇంట్లో ఆవకాయ హడావుడి. మేస్త్రీ ఊళ్ళో లేడు, నేనున్నాను. రెండు ట్యాంకులూ ఖాళీ చెయ్యాలి. అడుగు బోల్టు తుప్పుతో బిగుసుకుపోయింది. గొట్టం దింపి నోటితో పీల్చి వదిలితే దానంతటదే కారుతుందని విన్నాను. కారింది కూడా, కాకపోతే ముందు నాలోకి. ఆ తరవాత ఏం తిన్నా హైవే రుచే. పట్టడానికి ఏదో ఒకటి కావాలి కదా అని వంటింటి గడప దగ్గర బోర్లించిన పెద్ద బేసిను తీసుకున్నాను. అది ఆవకాయ కలిపే బేసిను. మా అత్తగారిది. కుంకుడురసం, శనగపిండి, నిమ్మతొక్కలు, చింతపండు, ఆఖరికి ముగ్గుపొడి, ఏది వేసి తోమినా వాసన వదల్లేదు. ఆ ఏడు కాయలు పక్కింటివాళ్ళ బేసినులో కలిపారు. ఎందుకలా అని పక్కింటావిడ అడిగితే మా ఆవిడ దాచకుండా, నటిస్తూ మరీ చెప్పింది. ఇప్పుడు వీధిలో నా పేరు డీజిల్ బాబాయ్.

మేస్త్రీ తిరిగొచ్చాక అసలు పని మొదలైంది. తొట్టి ఛాసీ మీద బోల్టులతోనే నిలబడుతుంది. విప్పితే వచ్చేస్తుందనుకున్నాను. రొయ్యల నీళ్ళు తాగిన బోల్టు పానాకి లొంగదు. ట్యాంకులు రెండూ దూరంగా పెట్టించి గ్యాస్ కట్టర్‌తో కోయించాల్సి వచ్చింది. వీధిలో కుర్రాళ్ళంతా తలా ఒక చెయ్యేసి పాత తొట్టి దించారు, కొత్తది ఎక్కించారు. ఎక్కించాక తెలిసింది, పేరొకటే గానీ తయారైన సంవత్సరాలు వేరు కాబట్టి బోల్టు బెజ్జాలు వేలెడు పక్కకున్నాయని. మళ్ళీ డ్రిల్లు, మళ్ళీ పట్టీలు. తొట్టికీ ఛాసీకీ మధ్య రబ్బరు ప్యాకింగ్ ఉండాలని మేస్త్రీ అంటే, రబ్బరుకి అంత ధరా అని మానిపించాను. అందుకే మా బండి కంకిపాడులో బయల్దేరితే ఉయ్యూరులో వినిపిస్తుంది.

లైట్ల సంగతి ఇంకా బాగుంటుంది. వెనక లైట్లకి ఎర్తు తొట్టి ఇనుములోంచే వస్తుంది. నేనేమో అందంగా ఉంటుందని బోల్టు చోట్లకి కూడా దట్టంగా పెయింటు కొట్టించాను. ఎర్తు అందక కరెంటు దారి వెతుక్కుంటూ పక్క బల్బుల్లోంచి పోయింది. బ్రేకు తొక్కితే రెండు ఇండికేటర్లూ వెలిగేవి. కుడి ఇండికేటరు వేస్తే ఇంకేదో వెలిగేది. బెంజి సర్కిల్ దగ్గర వెనకొచ్చే ఆటోవాళ్ళు మా బండి ఎటు తిరుగుతుందో పందేలు కాసేవారని డ్రైవరు చెప్పాడు. పెయింటు గీకి ఓ వైరు కలిపితే పోయింది.

డీజిల్ ముల్లు మాత్రం పోలేదు. రెండో ట్యాంకులోని ఫ్లోటుకీ మా మీటరుకీ పొత్తు కుదరలేదు. నింపితే ముల్లు కిందికి, ఖాళీ అయితే పైకి. కనకదుర్గ వారధి మధ్యలో 'ఫుల్లు' చూపిస్తూ ఆగిపోయింది. పైగా ఖాళీ అయ్యేదాకా నడిపితే పైపుల్లో గాలి పడుతుంది, ఫీడ్ పంపు దగ్గర స్క్రూ వదులు చేసి, చేత్తో కొట్టి గాలి తీస్తే గానీ స్టార్టు కాదు. "ముల్లు తిరగేసి చదువుకుంటే సరిపోతుందిగా" అన్నాను. "మీ మాటలు ఇన్నేళ్ళుగా అలాగే చదువుకుంటున్నాను, నాకు అలవాటే, పాపం డ్రైవరుకి కొత్త" అంది మా ఆవిడ.

ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్.సి. చేయించాలి. ఆవిడ ముందే చట్టం చదివేసింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం సి బుక్కులో రాసినదానికీ బండికీ తేడా రాకూడదట. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్చిన బండి చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పిందట. "క్యాబిను తెలుపు, తొట్టి నీలం. బ్రేకు ఇన్‌స్పెక్టరుకి ఏం చెప్తారు? ఎండకి వెలిసిందనా?" అంది. ఛాసీ నంబరు మనదే, ఇంజను నంబరు మనదే, తొట్టి కూడా అదే రకం అని నేను వాదించాను. రంగు సంగతికి జవాబు లేదు. తొట్టికి తెల్లరంగు వేయించాను. ఆ డబ్బుతో నాలుగు రబ్బరు ప్యాకింగులు వచ్చేవి.

ఇంతకీ మొత్తం ఖర్చు అడక్కండి. తొట్టి కట్టే మేస్త్రీ చేత కొత్తది కట్టించి, కొత్త ట్యాంకు బిగించినా ఇంతకంటే తక్కువే అయ్యేది. ఈ మాట ఆవిడకి తెలుసు, నేను చెప్పలేదు.

పాత తొట్టి పెరట్లో పెట్టాం. మట్టి పోసి మా ఆవిడ గోంగూరా తోటకూరా వేసింది. నీళ్ళు నిలవవు కాబట్టి వేరు కుళ్ళదట, కూర బ్రహ్మాండంగా వస్తోంది. ఈ వ్యవహారంలో లాభం చూపించిన భాగం అదొక్కటే, అది నేను పారేద్దామన్న భాగం.

మీ దగ్గర మా మీటరుకి సరిపోయే పాత ఫ్లోటు ఉంటే కబురు చెయ్యండి. ఇంటికి ఫోన్ చెయ్యొద్దు, ఆవిడ ఎత్తుతుంది.