చిప్పు వాళ్లకు, చిప్ప మనకు

కంప్యూటరు కొనేటప్పుడు ర్యామ్‌ని మనవాళ్లు ఏనాడూ పట్టించుకోలేదు. అది కొసరు. ప్రాసెసర్ దగ్గర అరగంట బేరం, మానిటర్ దగ్గర పావుగంట బేరం అయ్యాక, బిల్లు రాస్తుండగా "ఇంకో ఎనిమిది జీబీ వేసెయ్ అన్నా, పాత కస్టమర్లం" అనేవాళ్లం. అన్న కూడా మొహమాటానికి నాలుగొందలు తగ్గించి వేసేసేవాడు. 2025 వేసవి దాకా 16 జీబీ డీడీఆర్5 స్టిక్ ఐదువేలకు అటూఇటూగా వచ్చేది. ఆ ఏడాది చివరికల్లా అదే స్టిక్ ధర దాదాపు మూడింతలైంది. కొసరు అసలుని మింగి కూర్చుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే ఆటోవాళ్లు కూడా గుర్తుపడతారు. అక్కడిప్పుడు ర్యామ్ రేటు అడిగితే షాపతను మన మొహం చూడడు, ముందు ఫోన్‌లో వాట్సాప్ చూస్తాడు. "ఇది పదకొండు గంటల రేటు సార్. తీసుకుంటరా, ఊకె అడుగుతున్నరా?" అంటాడు. రేపొస్తానంటే, "రండ్రి, రేపు రేపటి రేటు చెప్త" అంటాడు. ఇదివరకు కౌంటరు వెనక కొక్కేలకు షాంపూ పొట్లాల్లా వేలాడిన స్టిక్‌లు ఇప్పుడు తాళం వేసిన సొరుగులోకి వెళ్లాయి. చూపించమంటే తీసి అద్దం మీద పెడతాడు గానీ, ప్యాకెట్ చివర ఒక వేలు మాత్రం ఆనించే ఉంచుతాడు. మనం చూసినంతసేపూ ఆ వేలు కదలదు.

ఇంతకీ ఆ పచ్చరేకు చేసే పని ఏమిటయ్యా అంటే, మర్చిపోవడం. దాని మీదుండే డీర్యామ్ చిప్పులో ఒక్కో బిట్‌కి ఒక ట్రాన్సిస్టరు, పక్కన చిటికెడు విద్యుత్తు దాచుకునే ఒక కెపాసిటరు. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ 1968లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆ దాచుకున్నది నిమిషం నిలవదు, కారిపోతుంది. అందుకని పాత తరం డీడీఆర్4లో అయితే 64 మిల్లీసెకన్లకోసారి, మొత్తం చిప్పుకి పాఠం మళ్లీ అప్పజెప్పాలి. కరెంటు పోయిందా, అంతా హరీమన్నట్టే. ఇంత మతిమరుపు సరుక్కి ఇంత ధర పలకడం లోకంలో ఇంకెక్కడా కనబడదు. (కొందరు మంత్రులు గుర్తుకొస్తే అది పాఠకుల స్వేచ్ఛ.)

ఎప్పుడు కొనాలి అన్న ప్రశ్నకు తెలుగునాట నిపుణుల కొరత లేదు. మా బావమరిది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు. సెప్టెంబరులో అడిగితే "దసరా సేల్ దాకా ఆగు బావా" అన్నాడు. దసరాకి అడిగితే దీపావళి అన్నాడు. దీపావళికి అడిగితే "ఇయరెండ్‌లో స్టాక్ క్లియరెన్స్ ఉంటుంది, అప్పుడు కొడదాం" అన్నాడు. సంక్రాంతికి ఫోనెత్తడం మానేశాడు.

ఎదురింట్లో రిటైరైన బ్యాంకు మేనేజరుగారున్నారు. ఆయనది చరిత్ర ఆధారిత పద్ధతి. "2017, 18ల్లో ఇలాగే పెరిగింది, 2019లో ఇలాగే పడింది. ఓపిక పట్టండి" అంటారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అయితే ఆయన ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నది 4 జీబీ. స్విచ్ వేసి, స్నానం చేసి, సంధ్య వార్చి వచ్చేసరికి డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ఓపిక ఆయనకు అక్కడ అబ్బింది.

ఇక అమెరికా మార్గం. ఆవకాయ పట్టుకెళ్లిన సూట్‌కేసులో వచ్చేటప్పుడు ర్యామ్, హార్డ్‌డిస్కు పట్టుకురావడం మన కుటుంబాల్లో అలిఖిత ఒప్పందం. ఈసారి డాలస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేస్తే, "ఇక్కడా అదే మంట రా. మీ అటక మీద పాత కంప్యూటర్లేమైనా ఉంటే స్టిక్‌లు పీకి అట్టేపెట్టు, నేనే వస్తా" అన్నాడు. ఎగుమతి దిగుమతుల లోటు ఒక్క ఫోన్ కాల్‌తో తిరగబడింది.

చివరికి బావమరిది ఈ కాలపు పిల్లాడిలా ఏఐనే అడిగాడు. ర్యామ్ ధర ఎప్పుడు తగ్గుతుంది అని. అది సానుభూతితో నాలుగు పేరాల జవాబిచ్చింది. ఆ నాలుగు పేరాలు వండటానికి అవతల ఎక్కడో ఒక సర్వరు ఎంత మెమరీ వాడిందో మాత్రం చెప్పలేదు. మర్యాద కాదనుకుంది కాబోలు.

అసలు సంగతి అదే. ప్రపంచంలో డీర్యామ్ తొంభై శాతానికి పైగా చేసేవి మూడు కంపెనీలు: కొరియాలో సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. ఏఐ చిప్పులకు మామూలు ర్యామ్ ఆనదు, హెచ్‌బీఎం కావాలి. డీర్యామ్ పలకల్ని ఎనిమిదో పన్నెండో ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటి గుండా నిలువునా కన్నాలు వేసి తీగలు లాగితే అది తయారవుతుంది. మన డీడీఆర్5 ఒక జీబీకి పట్టే సిలికాన్‌కి ఇది దాదాపు మూడు రెట్లు తింటుంది. లాభమూ అలాగే ఉంటుంది. ఎన్వీడియా కొత్త తరం చిప్పు ఒక్కదానికి 288 జీబీ కావాలి. అలాంటివి 72 కలిపితే ఒక ర్యాకు. లెక్క కట్టుకోండి, ఒక్క ర్యాకుకి ఇరవై వేల జీబీ పైమాటే. 16 జీబీ చొప్పున దాదాపు 1,300 మంది బీటెక్ పిల్లల కంప్యూటర్లు అందులో సుఖంగా నిద్రపోతాయి.

2025 అక్టోబరులో ఓపెన్ఏఐ వాళ్లు సామ్‌సంగ్‌తోనూ హైనిక్స్‌తోనూ కాగితాలు రాసుకున్నారు. నెలకు 9 లక్షల వేఫర్ల (చిప్పులు కోసే సిలికాన్ బిళ్లల) దాకా కావాలన్నది వాళ్ల కోరిక. ప్రపంచం మొత్తం డీర్యామ్ ఉత్పత్తిలో అది 40 శాతం దాకా ఉంటుందని అంచనాలు వేశారు. అదే నెల ఆఖరున హైనిక్స్ తన 2026 సరుకుకి ముందే గిరాకీ కుదిరిపోయిందని చెప్పేసింది. డిసెంబరు 3న మైక్రాన్ ఇంకో అడుగు వేసి, మామూలు జనానికి ర్యామ్, ఎస్ఎస్‌డీ అమ్మే తన క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. 29 ఏళ్ల దుకాణం. పెద్ద ఖాతాదారులకు సరుకు చాలడం లేదట. మనం ఇక్కడ దసరాకా దీపావళికా అని తర్జనభర్జన పడుతున్నాం, అమ్మేవాడేమో మనకు అమ్మడమే మానుకున్నాడు. పెళ్లికొడుకు వేరే పీటల మీద కూర్చున్నాక ఇక్కడ మనం ముహూర్తాలు పెట్టిస్తున్నాం.

ఇదే మైక్రాన్‌కి మనతో ఒక చుట్టరికం ఉంది. 2023 జూన్‌లో గుజరాత్‌లోని సాణంద్‌లో చిప్పులు ప్యాక్ చేసి పరీక్షించే ఫ్యాక్టరీ పెడతామని వచ్చింది. ఖర్చు 275 కోట్ల డాలర్లు. అందులో సగం కేంద్రం, ఇరవై శాతం గుజరాత్ ప్రభుత్వం. అంటే వందలో డెబ్బై మనం కట్టిన పన్నులే. ఆ పన్ను కట్టినవాడు సీటీసీకి వెళ్లి స్టిక్ కొంటే, పెరిగిన ధర మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. ధర మూడింతలైతే జీఎస్టీ కూడా మూడింతలవుతుందన్న సూక్ష్మం మేనేజరుగారు చెబితేగానీ నాకు తట్టలేదు. బ్యాంకు బుర్ర.

2025 అక్టోబరు 14 తేదీని మాత్రం క్యాలెండరులో ఎర్రసిరాతో చుట్టుకోవాలి. ఆ రోజున మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మద్దతు ఆపేసింది. పాత కంప్యూటర్ల వాళ్లంతా కొత్తది కొనుక్కోండని సందేశం. అదే రోజున గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటరు పెడతానని ప్రకటించింది. మనం టపాకాయలు కాల్చాం, కాల్చాల్సిందే, పెట్టుబడి వస్తుంటే వద్దంటామా. కాకపోతే డేటా సెంటరు నిండా సర్వర్లు, సర్వర్ల నిండా మెమరీ. విశాఖలో డేటా సెంటరు రావాలి, విశాఖ కుర్రాడికి ర్యామ్ చవగ్గా దొరకాలి అని ఒకే నోటితో దణ్ణం పెట్టుకుంటే సింహాచలం అప్పన్నకైనా ఏ కోరిక ముందు తీర్చాలో తెలియదు.

మన వాటా పాపం కూడా చిన్నదేం కాదులెండి. 2025 మార్చిలో ఏఐతో గిబ్లీ బొమ్మల వెర్రి వచ్చినప్పుడు తాతయ్య షష్టిపూర్తి ఫోటోనీ, పెంపుడు కుక్కనీ, ఆఖరికి రేషన్ కార్డు మీది ఫోటోనీ కూడా బొమ్మ చేసి స్టేటస్‌లో పెట్టుకున్నాం. ఏ బొమ్మా ఊరికే రాలేదు.

పోనీ పాతదానితో సర్దుకుందామా అంటే అక్కడ ఇంకో తమాషా. కంపెనీలు డీడీఆర్4ని వదిలించుకుని డీడీఆర్5 వైపు, హెచ్‌బీఎం వైపు మళ్లుతున్నాయని తెలియగానే డీడీఆర్4 ధరకి రెక్కలొచ్చాయి. 2025 జూన్‌లో టోకు బజారులో పాత చిప్పు కొత్త చిప్పుకన్నా ఎక్కువ పలికిన రోజులున్నాయి. దాంతో ఇళ్లల్లో అటకలకు గౌరవం వచ్చింది. చచ్చిపోయిన సీపీయూ డబ్బా దింపి, ధూళి ఊది, స్టిక్ పీకి, దాని బంగారు అంచుని పిల్లల పెన్సిలు రబ్బరుతో రుద్దడం నేటి గృహ పరిశ్రమ. రబ్బరుతో రుద్దితే పట్టిన మసక పోయి స్లాట్‌లో కనెక్షన్ బాగా అందుతుంది, ఇది చేతిపని తెలిసిన ప్రతి మెకానిక్ చేసేదే. రుద్దాక పొట్టు దులపడం మర్చిపోయి స్లాట్‌లో దూర్చేవాళ్లే ఎక్కువ. అప్పుడు కంప్యూటరు కీచుకీచుమని మొత్తుకుంటుంది. అది ప్రాణం పోవడం కాదు, తీసి దులిపి మళ్లీ పెట్టండి.

ఈ బజారు చరిత్ర కూడా ముచ్చటైనదే. 1993 జూలైలో జపాన్‌లోని నీహామాలో సుమిటొమో కెమికల్ కర్మాగారం పేలింది. చిప్పుల తొడుగులో వాడే రెజిన్ అక్కడ ఎక్కువగా తయారయ్యేది. చిప్పులు కాదు, తొడుగు! అయినా ర్యామ్ ధర భగ్గుమంది. 1999 సెప్టెంబరులో తైవాన్‌లో భూకంపం, ధర అదిరింది. 2013 సెప్టెంబరులో చైనాలోని వూషీలో హైనిక్స్ ఫ్యాక్టరీ తగలబడింది, ధర రాజుకుంది. ఈ విపత్తులు చాలవన్నట్టు ఒకసారి కంపెనీలే పూనుకున్నాయి. 1999 నుంచి 2002 దాకా కూడబలుక్కుని ధరలు నిర్ణయించారని అమెరికా ప్రభుత్వం కేసు పెడితే, సామ్‌సంగ్ తప్పొప్పుకుని 2005లో 30 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది. హైనిక్స్ 18.5 కోట్లు కట్టింది. మైక్రాన్ ముందే ప్రభుత్వానికి సహకరించి జరిమానా తప్పించుకుంది. ఈసారి అలాంటి శ్రమ అవసరం రాలేదు. గిరాకీయే వచ్చి గుమ్మంలో నిలబడింది.

పెరిగింది పడకపోదు, నిజమే. 2023లో సరుకు గోదాముల్లో మూలిగి, హైనిక్స్‌కి ఆ ఒక్క ఏడాదే 7.7 లక్షల కోట్ల వాన్ల నిర్వహణ నష్టం వచ్చింది. మనం అప్పుడు చవగ్గా కొనుక్కుని, నష్టపోయినవాడి గురించి ఒక్క క్షణమైనా బాధపడ్డామా? చిప్పుకి మతిమరుపుంది గానీ చేసేవాడికి లేదు. ఆ దెబ్బ గుర్తుంది కాబట్టే తొందరపడి ఫ్యాక్టరీలు కట్టరు. కట్టడం మొదలుపెట్టినా రెండు మూడేళ్లు పడుతుంది. కొత్త ఫ్యాక్టరీల సరుకు బజారుకి రావడం 2027లోనో ఆ తర్వాతో. అందుకని మేనేజరుగారి ఓపిక సిద్ధాంతంలో ఒక్క లోపమే ఉంది, తిథి వార నక్షత్రాలు లేవు.

ఈలోగా పిల్లాడు కాలేజీలో చేరేది ఆగదు. నన్నడిగితే, ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ముందు ర్యామ్ బోర్డుకి అతికించి ఉందా, స్లాట్ ఉందా అని అడగండి. సన్నటి మోడళ్లలో చాలావాటికి అతికించేస్తారు, తర్వాత పెంచుకోవడం కుదరదు. అలాంటిదైతే ఏడ్చుకుంటూనైనా 16 జీబీది ఇప్పుడే తీసుకోవాలి. ఖాళీ స్లాట్ ఉంటే 8తో మొదలుపెట్టి మంచిరోజుల కోసం చూడొచ్చు. గేములాడటానికి 32 ఉన్నవాడు 64 కావాలంటే, వాడితో మాట్లాడటం మానేయండి. ఇక బ్రౌజరులో నలభై ట్యాబులు తెరిచి కంప్యూటరు నెమ్మదించిందనే పెద్దమనుషులు ముందు పోయిన ఏడాది రైలు టికెట్టు పేజీ మూసెయ్యొచ్చు. అది పూర్తిగా ఉచితం.

మా బావమరిది మాత్రం ఆగలేకపోయాడు. ఒక శనివారం సీటీసీకి వెళ్లి డీడీఆర్5 స్టిక్‌లు రెండు కొనుక్కొచ్చాడు. మర్నాడు ఇంకో ఎనిమిది వందలు పెరిగిందని తెలిసి, లాటరీ తగిలినట్టు పుల్లారెడ్డి స్వీట్లు తెచ్చి పంచాడు. ప్యాకెట్లు ఇప్పటికీ విప్పలేదు, బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి. విప్పి ఏం లాభం, వాడి కంప్యూటరు బోర్డు డీడీఆర్4ది. గాడి వేరు, ఇవి అందులో దిగవు. ఆ మాటే అడిగాను.

"కొత్త బోర్డుదేముంది బావా, తగ్గుతుంది" అన్నాడు. "ఉగాది సేల్ దాకా ఆగుదాం."