ప్లేఆఫ్ టికెట్లతో లాభపడండి: వన్-నార్త్ తెలుగువారికి తొమ్మిది సలహాలు

మే నెల, ఐపీఎల్ ప్లేఆఫ్‌ల కాలం వచ్చిందంటే సింగపూర్‌లోని వన్-నార్త్‌లో మనవాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఫ్యూజనోపోలిస్ లిఫ్టులో నెట్ రన్‌రేట్ లెక్కలు కడుతుంటారు. టింబ్రె ప్లస్‌లో భోజనం చల్లారిపోతున్నా ఫోన్‌లో చెన్నై విమానాల ధరలు చూస్తుంటారు. ఇండియాలో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ సింగపూర్‌లో పదింటికి మొదలవుతుంది. రెండో ఇన్నింగ్స్ సగానికొచ్చేసరికి సర్కిల్ లైన్ రైళ్లు కూడా పడుకుంటాయి. ఒకటిన్నర దాకా మేలుకుని, మర్నాడు తొమ్మిదింటికి స్టాండప్ మీటింగులో నిలబడే మనిషి బుర్ర ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ప్లేఆఫ్ టికెట్లు కొనడానికి ఆ బుర్రే సరైనది. ఈ సలహాలు దానికోసమే.

1. జట్టు చేరకముందే కొనేయండి

లీగ్‌లో మొదటి రెండు జట్లు క్వాలిఫయర్ 1 ఆడతాయి. మూడు, నాలుగు స్థానాల జట్లు ఎలిమినేటర్ ఆడతాయి. అక్కడ ఓడిన జట్టూ, ఇక్కడ గెలిచిన జట్టూ కలిసి క్వాలిఫయర్ 2 ఆడతాయి. టికెట్లు మాత్రం ఈ పేర్లు తేలకముందే అమ్మకానికొస్తాయి. ఎవరు ఆడతారో తెలిశాక కొనడం పిరికివాళ్ల పద్ధతి.

ఈ విద్యలో మన గురువులు పక్క సీటులో కూర్చునే చెన్నై మిత్రులు. 2024లో క్వాలిఫయర్ 2, ఫైనల్ రెండూ చెపాక్‌లోనే. మే 14న రూపే కార్డు ఉన్నవాళ్లకు ముందుగా క్వాలిఫయర్ 2 టికెట్ల అమ్మకం తెరిచారు. సింగపూర్ బ్యాంకు కార్డు అక్కడ పనికిరాదు కనక, ఊళ్లో ఉన్న తమ్ముడి కార్డుతో, తమ్ముడి ఫోన్‌కొచ్చే ఓటీపీతో కొనాల్సిందే. సొంత మైదానంలో ధోనీని ఆఖరిసారి చూడబోతున్నామని అప్పటికే అందరికీ గట్టి నమ్మకం. నాలుగు రోజులు తిరక్కుండానే, మే 18న, చెన్నై జట్టు బెంగళూరులో ఆడింది. గెలవాల్సిన పని కూడా లేదు. 201 చేసి ఓడినా ప్లేఆఫ్‌కి చేరేది. 191 దగ్గర ఆగింది. ఆ 10 పరుగులు తక్కువైనందుకు చెపాక్ టికెట్లు దాచుకున్న పసుపు చొక్కాలన్నీ తెల్లారేసరికి అమ్మకందార్లయ్యాయి.

మీరూ అంత ముందుచూపుతో కొనండి. మ్యాచ్ చూసే భాగ్యం లేకపోయినా వ్యాపారానుభవం దక్కుతుంది.

2. మీ జట్టు ఓడిపోవాలని మొక్కుకోండి

ఇది కాస్త పైస్థాయి సాధన. 2024లో సన్‌రైజర్స్ రెండో స్థానంలో నిలిచి, మే 21న అహ్మదాబాద్‌లో కోల్‌కతాతో క్వాలిఫయర్ 1 ఆడింది. గెలిస్తే నేరుగా ఫైనల్‌కి వెళ్లిపోతుంది. అప్పుడు మీ చేతిలో ఉన్న 24వ తేదీ చెపాక్ టికెట్ ఎవరి మ్యాచ్‌కో అయిపోతుంది. కనక ఆ రాత్రి నారింజ రంగు చొక్కా తొడుక్కుని, టీవీ ముందు కూర్చుని, కోల్‌కతా గెలవాలని కోరుకోవాలి.

స్టార్క్ వేసిన రెండో బంతికే ట్రావిస్ హెడ్ బౌల్డయినప్పుడు తల పట్టుకోండి. వేళ్ల సందుల్లోంచి మొహం కనిపించకుండా చూసుకోండి. కోల్‌కతా ఎనిమిది వికెట్లతో గెలిచాక, "పోన్లే, ఇంకో అవకాశం ఉందిగా" అని గ్రూపులో అందరినీ ఓదార్చండి. ఆ ఇంకో అవకాశం మీ జేబులోనే ఉన్నదన్న సంగతి అప్పుడే చెప్పక్కర్లేదు.

3. రెండు కావాలంటే నాలుగు కొనండి

రెండు మీకూ మీ ఆవిడకూ. మిగతా రెండూ "ఖర్చు రాబట్టుకోవడానికి". ఒక్కో టికెట్ 5,000 రూపాయలు అనుకుందాం. నాలుగూ 20,000. అదనపు రెండింటినీ ఒక్కోటి 10,000కి అమ్మితే మీరిద్దరూ ఉచితంగా చూసినట్టే. ఈ లెక్కలోకి విమానం ఛార్జీలు రానివ్వకూడదు. ఆ రాత్రికి మాత్రమే రెట్టింపయ్యే ట్రిప్లికేన్ లాడ్జి అద్దె, సెలవు పెట్టిన రెండు రోజులు, ముస్తఫాలో తమ్ముడికి కొన్న సెంటు సీసా కూడా రాకూడదు. అవన్నీ "ఎలాగూ ఊరెళ్లాలి కదా" అనే ఖాతాలో రాసుకోండి. ఆ ఖాతా ఎంత పెద్దదైనా ఎవరూ అడగరు.

ఓవరుకి ఎంత పడిందో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ లెక్కెయ్యకండి. 2024 మే 26 ఫైనల్‌లో మన సన్‌రైజర్స్ టాస్ గెలిచి, బ్యాటింగ్ తీసుకుని, 18.3 ఓవర్లలో 113కి ఆలౌటయ్యారు. కోల్‌కతా 10.3 ఓవర్లలో ముగించేసింది. నలభై ఓవర్ల డబ్బు కట్టినవాడికి దక్కినవి సరిగ్గా 29. బ్లాకులో కొన్నవాడికి మిగతా పదకొండూ ఇంకా ఎక్కువ ధరకి పోయాయి.

4. విమానం, హోటలు ముందే కట్టేయండి. వాపసు రాని రకం అయితే మేలు

మైదానం ఎక్కడికీ పోదని నమ్మండి. 2019లో ఫైనల్ చెన్నైకి రాసిపెట్టి ఉంది. చెపాక్‌లో మూసి ఉన్న మూడు స్టాండ్ల గొడవ తేలక హైదరాబాద్‌కి మార్చారు. 2025లో తొలి క్వాలిఫయర్, ఎలిమినేటర్ మన ఉప్పల్‌కే ఇచ్చారు. మే 9న సరిహద్దు ఉద్రిక్తతల వల్ల లీగ్ ఆగింది. మళ్లీ మొదలయ్యాక ఆ రెండు మ్యాచ్‌లూ చండీగఢ్ పక్కన ముల్లన్‌పూర్‌కి వెళ్లిపోయాయి. శంషాబాద్‌కి టికెట్ కట్టుకున్నవాళ్లు ఆ వారం అమ్మానాన్నల్ని చూసొచ్చారు. పెద్దవాళ్లు పొంగిపోయారు. ఈ లాభం ఏ ఎక్సెల్ షీటులోనూ పట్టదు.

మైదానం కదలకపోతే మ్యాచ్ తేదీ కదులుతుంది. 2023 ఫైనల్ మే 28న అహ్మదాబాద్‌లో జరగాలి. వాన పడింది. మర్నాటికి వాయిదా వేశారు. ఆ రాత్రి రైల్వేస్టేషన్‌లో నేల మీద పడుకున్న అభిమానుల ఫొటోలు దేశమంతా చూసింది. మ్యాచ్ తేలేసరికి తారీఖు మే 30 అయింది. కాబట్టి తిరుగు విమానం ఫైనల్ రాత్రికే పెట్టుకోండి. మీరు వచ్చేసినా మీ టికెట్ అక్కడే ఉండి మ్యాచ్ చూస్తుంది.

ఉప్పల్‌లో ఫైనల్ అంటే మనవాళ్ల ఫైనలేనని కూడా నమ్మండి. 2017లో ముంబై, పుణె ఆడాయి. 2019లో ముంబై, చెన్నై ఆడాయి. రెండుసార్లూ ముంబై ఒక్క పరుగుతో గెలిచింది. హైదరాబాదీలు రెండుసార్లూ ఎవరికోసం అరవాలో తేల్చుకునేలోపే మ్యాచ్ అయిపోయింది.

5. పాసు ఇప్పించే మనిషిని పట్టుకోండి

డబ్బు పెట్టి కొనడం పరువు తక్కువ. తెలుగువాడన్నాక ఎక్కడో ఒక బాబాయి ఉంటాడు. ఆయనకు క్రికెట్ సంఘంలోనో, పోలీసు శాఖలోనో, స్టేడియానికి కరెంటు ఇచ్చే ఆఫీసులోనో ఒకరు తెలిసి ఉంటారు. పాసుల కోసం పెద్దపెద్దవాళ్లే బజారుకెక్కుతుంటే మనమెంత? 2025 మార్చి చివర్లో సన్‌రైజర్స్ యాజమాన్యం హైదరాబాద్ క్రికెట్ సంఘం మీద ఫిర్యాదు లేఖ రాసింది. ఒప్పందం ప్రకారం 3,900 ఉచిత టికెట్లు ఇస్తున్నా ఇంకా కావాలని వేధిస్తున్నారని, ఒక బాక్సుకి తాళం కూడా వేశారని అందులో ఆరోపణ.

బాబాయిని మార్చి నుంచే పలకరించడం మొదలుపెట్టండి. ఆరోగ్యం అడగండి. మోకాళ్ల నొప్పుల గురించి మొత్తం వినండి. "చూద్దాంలే రా" అని ఆయన అంటే పాసు వచ్చేసినట్టే అనుకుని, చేతిలో ఉన్న అసలు టికెట్ అమ్మేయండి. మ్యాచ్ రోజు మధ్యాహ్నం నుంచి బాబాయి ఫోన్ స్విచాఫ్ వస్తుంది. గేటు బయట మంచి కొబ్బరిబోండాలు దొరుకుతాయి.

6. ముక్కూమొహం తెలియనివాణ్ణి నమ్మండి

సింగపూర్‌లో మోసాలు ఉండవన్నది మన గట్టి నమ్మకం. దాన్ని సడలనివ్వకండి. 2024 మార్చిలో టేలర్ స్విఫ్ట్ నేషనల్ స్టేడియంలో ఆరు కచేరీలు చేసింది. వన్-నార్త్‌లో రైలెక్కితే మధ్యలో ఎక్కడా మారకుండా సర్కిల్ లైన్ మీదే స్టేడియం స్టేషన్‌లో దిగొచ్చు. ఇంత దగ్గరున్న కచేరీకి టికెట్ దొరక్కపోవడం ఎవరికైనా అవమానమే. ఆ ఏడాది జనవరి నుంచి కచేరీల నాటికి ఆ టికెట్ల పేరుతో కనీసం 960 మంది మోసపోయారని, పోయిన సొమ్ము కనీసం 5 లక్షల 38 వేల సింగపూర్ డాలర్లని పోలీసులు లెక్క చెప్పారు. ఫిబ్రవరి చివర్లో కరోసెల్ తన సైట్లో ఆ టికెట్ల అమ్మకాన్నే ఆపేసింది. ఆపేస్తేనేం, టెలిగ్రామ్ ఉంది. అక్కడ ఎవరూ ఆపరు.

అమ్మేవాడు టికెట్ స్క్రీన్‌షాట్ పంపితే సంతోషించండి. అదే బొమ్మ ఇంకో ఇరవైమందికి వెళ్లిందేమో అని అడిగి అతని మనసు కష్టపెట్టొద్దు. గేటు దగ్గర మొదట చేరినవాడు లోపలికి వెళతాడు, మిగతావాళ్లు స్నేహితులవుతారు. పేనౌలో అతను చెప్పిన పేరు కాకుండా ఇంకో పేరు కనిపిస్తే ఉమ్మడి కుటుంబం అనుకోండి. సగం పంపాక "ట్రాన్స్‌ఫర్ ఫీజు" అని మరికొంత అడిగితే అదీ పంపండి. ఇక్కడిదాకా వచ్చాక వెనక్కి తగ్గితే ముందు పంపింది దండగ కదా.

7. క్యూలో నిలబడే పని బావమరిదికి ఇవ్వండి

ఆన్‌లైన్‌లో దొరక్కపోతే కౌంటర్ దగ్గర దొరుకుతాయి. మీరు ఇక్కడ ఏసీలో ఉంటారు కాబట్టి క్యూ మీకు భారం కాదు. 2022 సెప్టెంబర్ 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో ఇండియా-ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్లకు ఇలాగే వేలమంది చేరారు. తొక్కిసలాట జరిగింది, లాఠీలు లేచాయి, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. ఆ వార్త బయోపోలిస్ క్యాంటీన్‌లో టీవీ మీద చూసినవాడు ముందు "అయ్యయ్యో" అనాలి. తర్వాత వాట్సాప్ తెరిచి "దొరికాయా?" అని అడగాలి. వరస తప్పకూడదు.

8. కొనేటప్పుడు అభిమానిగా, అమ్మేటప్పుడు వ్యాపారిగా ఉండండి

మొత్తం విద్య ఇదే. పై ఏడూ దీని ఉపాంగాలు.

కొనే రోజు మీ మాట ఇలా ఉండాలి: "అన్నా, డెక్కన్ ఛార్జర్స్ రోజుల నుంచి చూస్తున్నా. 2009లో జొహన్నెస్‌బర్గ్‌లో గిల్‌క్రిస్ట్ కప్పెత్తిన రాత్రి నిద్రపోలేదు. అభిమాని దగ్గర లాభం చూసుకుంటావా?" ఆ అన్న కరిగి అసలు ధరకే ఇచ్చేస్తాడు. మూడు రోజుల తర్వాత అదే గ్రూపులో మీరు అమ్మేటప్పుడు మాట ఇలా మారాలి: "బ్రో, డిమాండ్ అలా ఉంది. నేనేం చేయను, మార్కెట్ రేటు." టికెట్ తిరిగి అమ్మడాన్ని ప్రత్యేకంగా నిషేధించే చట్టం సింగపూర్‌లో లేదని కూడా జోడించండి. మ్యాచ్ చెన్నైలోనో హైదరాబాద్‌లోనో జరుగుతుందనీ, అక్కడ బ్లాకులో అమ్మితే పోలీసులు పట్టుకుంటారనీ గుర్తు చేసేవాడికి జవాబివ్వకండి.

ఇక్కడ ఒక అపార్థం తొలగాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కొత్త సినిమా రోజున టికెట్లు బ్లాకులో అమ్మేవాడితో మిమ్మల్ని పోల్చేవాళ్లుంటారు. ఆ పోలిక తప్పు. అతను ఎండలో నిలబడతాడు. సినిమా పోతే పెట్టుబడి అతనిదే పోతుంది. పోలీసు కనిపిస్తే పరిగెత్తేదీ అతనే. పైగా తాను ఫలానా హీరో వీరాభిమానినని చెప్పి ఏనాడూ రేటు పెంచలేదు, సినిమా ఫ్లాపైతే కన్నీళ్లు పెట్టుకుని తగ్గించనూలేదు. అతనికి ఉన్నది ఒకటే వేషం. మీకు రెండున్నాయి కాబట్టి మీరు పైమెట్టు.

9. అసలు ధరకే ఇచ్చేవాణ్ణి దూరంగా ఉంచండి

ప్రతి గ్రూపులోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. జట్టు ఓడిపోయిందనో, పిల్లకు జ్వరమొచ్చిందనో వెళ్లడం మానుకుంటాడు. టికెట్ మీద ఎంతుందో అంతే తీసుకుని ఇచ్చేస్తాడు. పైన ఒక్క డాలర్ అడగడు. "నేను ఎంతకి కొన్నానో నీకూ అంతకే" అంటాడు. వీడివల్ల జరిగే నష్టం మామూలుది కాదు. ఒక్క ఏడాది ఇలా చేశాడంటే పై ఏడాది అందరూ ముందు వాణ్ణే అడుగుతారు. వాడికి టికెట్ కావాల్సినప్పుడు అందరూ వాడికే ఇస్తారు, అదీ అసలు ధరకే. అలా ఒకరి నుంచి ఒకరికి పాకి నలుగురైదుగురు తయారైతే మీ అదనపు రెండు టికెట్లు మీ దగ్గరే మిగిలిపోతాయి.

కనక ఆలస్యం చేయకుండా వాణ్ణి గ్రూపులోంచి తీసేయండి. తీసేముందు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఫైనల్‌కి వాడి దగ్గర టికెట్ ఏమైనా ఉందేమో అడగండి.