పెట్టె కాపరి

కేంబ్రిడ్జిలో కామ్ నది ఒడ్డున ఉన్న కళాశాలల పడవశాలల్లో, భుజబలంతో పనిలేని ఒక ప్రత్యేక వర్గం కనిపిస్తుంది. వానలో తాను నిలువునా తడిసినా చలించని ఈ వర్గపు మనిషి, చంకలోని గుండ్రటి పెట్టె మీద నాలుగు చినుకులు పడితే మాత్రం విలవిల్లాడిపోతాడు. ఆ పెట్టె నీటికి ఓర్చుకునేలా తయారైందన్న సంగతి అతడికి అందరికంటే బాగా తెలుసు. తెలిసీ నమ్మకపోవడమే అతడి వ్యక్తిత్వానికి పునాది. వర్గీకరణ సౌలభ్యం కోసం అతడిని పెట్టె కాపరి అని వ్యవహరించవచ్చు.

హోదా రీత్యా ఇతడు కాక్స్, అంటే గోదావరి పడవల మీది సరంగుకు దూరపు చుట్టం. ఎనిమిదిమంది తెడ్లు వేసే పోటీపడవలో వారంతా వెనక్కి తిరిగి కూర్చుని, ఎటు పోతున్నారో చూడకుండానే శక్తికొద్దీ పోతుంటే, వారికి ఎదురుగా పడవ చివర కూర్చున్న కాక్స్ ఒక్కడే ముందున్నది చూస్తూ, చుక్కాని తాళ్ళు పట్టుకుని ఆజ్ఞలు జారీ చేస్తాడు. ఒక్క తెడ్డు కూడా వేయని ఇతడి బరువును మిగిలినవారే లాగాలి గనుక, సాధారణంగా బక్కపలుచని వారినే ఈ పనికి ఎంచుకుంటారు. అంతర్జాతీయ పోటీల్లో కాక్స్ కనీసం 55 కిలోలు తూగాలన్న నియమం ఉండటంతో, అంతకు తగ్గినవారు లోటు భర్తీకి అదనపు బరువును పడవలో పెట్టుకోవలసి వస్తుంది. ఈ వ్యాసంలో ‘ఇతడు’ అన్న చోటల్లా ‘ఈమె’ అని చదువుకున్నా తప్పులేదు: 1981లో జరిగిన ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పురుషుల పడవపందెంలో ఆక్స్‌ఫర్డ్ పక్షాన స్యూ బ్రౌన్ చుక్కాని పట్టినప్పుడే ఆ పీఠం మీద మగవారి గుత్తాధిపత్యం ముగిసింది, పెట్టె విషయంలోని చాదస్తానికైతే స్త్రీపురుష భేదం మొదటినుంచీ లేదు.

ఎనిమిదిమంది పడవ పొడవు సుమారు 18 మీటర్లు ఉంటుంది కాబట్టి, ఒక కొసన కూర్చున్నవాడి మాట రెండో కొసకు చేరాలంటే పూర్వం మూతికి చిన్న బాకా కట్టుకుని అరవవలసి వచ్చేది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1978లో స్థాపితమైన నీల్సెన్-కెల్లర్‌మన్ సంస్థ తయారుచేసిన కాక్స్‌బాక్స్ ఆ బాకాను అటకెక్కించింది. తలకు తగిలించుకునే మైకు, శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయరు, బ్యాటరీ, గడియారం ఇందులోని ప్రధాన భాగాలు; పెట్టెలోంచి వెళ్ళే మాట పడవ పొడవునా సాగే తీగల ద్వారా పీటల కింద బిగించిన స్పీకర్లకు చేరుతుంది. తెడ్డువేసేవారి పీటలు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారుతాయి. కాక్స్‌కు ఎదురుగా ఉన్న పీట అడుగున అతికించిన అయస్కాంతం, దాని కిందనున్న గ్రాహకం మీదుగా పోయినప్పుడల్లా పెట్టె లెక్కగట్టి, నిమిషానికి ఎన్ని తెడ్డుపోట్లు పడుతున్నాయో చూపిస్తుంది. అరిచే అధికారాన్నీ, అరవడానికి కావలసిన అంకెనూ ఒకే డబ్బాలో పొందిన మనిషి ఆ డబ్బాను కొత్త అల్లుడిలా చూసుకోవడంలో వింత లేదు.

పెట్టె కాపరి భయాలన్నీ నది చుట్టూ తిరుగుతాయి. నీటిరక్షణ ప్రమాణాల్లో ఐపీ 67 అనే గుర్తు ఉంటే, ఆ పరికరంలోకి దుమ్ము చొరబడదనీ, మీటరు లోతు నీటిలో అరగంటసేపు ఉంచినా లోపలికి హాని చేసేంత నీరు దిగదనీ అర్థం. ఈ వాక్యాన్ని కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ కంఠస్థం చేయించే కాపరి, తాను మాత్రం పెట్టెను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, పైన తువ్వాలు కప్పి పడవదాకా మోసుకుపోతాడు. నీటిని బయట ఆపే మూత లోపలి తేమనూ బయటికి పోనివ్వదని, తడిచేతులతో మూత తీసి బిగిస్తే ఆ తడి లోపలే ఖైదై, చలికి ఆవిరి చెమ్మగా మారి తీగల మీద పేరుకుంటుందని అతడు ఆలోచించడు. లోపల తడి చేరిందేమో చూడాలన్న ఆదుర్దాతో అతడు మూత తీసిన ప్రతిసారీ, నీటిని ఆపే రబ్బరు వలయం మీద ఒక వెంట్రుకో, ఇసుకరేణువో చేరే అవకాశం పెరుగుతుంది. అంటే నది చేయలేని పనిని అనుమానం చేసిపెడుతుంది.

నిజానికి ఈ వ్యవస్థలో పెట్టెకంటే ముందు పాడయ్యేవి మైకు, తీగ, ప్లగ్గు. తీగ పట్టుకుని ప్లగ్గును లాగితే లోపలి అతుకు ఊడుతుంది. ప్లగ్గులోని సన్నని పుల్లలను గాడి చూసుకోకుండా గుచ్చితే వంగుతాయి. తీగను పెట్టె చుట్టూ బిగించి చుడితే మొదలు దగ్గర రాగిపోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. కాపరికి మాత్రం తీగను బిగించి చుట్టడమే శుభ్రతకు నిదర్శనం. ఇక మైకు మీది స్పంజి తొడుగు వానకంటే ఎక్కువగా తడిసేది ఉపన్యాసం వల్ల: పెదవులకు ఆనుకుని ఉండే ఆ తొడుగు గంటన్నరసేపు ‘ఇంకో పది, ఇంకో పది’ అన్న కేకలతో పాటు రాలే తుంపరను కూడా స్వీకరిస్తుంది. నది నుంచి పెట్టెను కాపాడినంత శ్రద్ధతో, కాక్స్ నోటి నుంచి మైకును కాపాడే మార్గాన్ని ఇంతవరకూ ఏ కాపరీ అన్వేషించలేదు.

బ్యాటరీ విషయంలో ఇతడు సంప్రదాయవాది. పాత నికెల్-కాడ్మియం బ్యాటరీలను అప్పుడప్పుడూ పూర్తిగా ఖాళీ చేయాలని పెద్దలు చెప్పిన మాట పడవశాలల్లో శాసనంలా నిలిచిపోయింది. లిథియం-అయాన్ బ్యాటరీలు వచ్చాక ఆ శాసనం చెల్లదనీ, పూర్తిగా ఖాళీచేసి సెలవులన్నాళ్ళూ మూలపడేస్తే అవే దెబ్బతింటాయనీ, సగం చార్జితో చల్లనిచోట ఉంచడమే మేలనీ తెలిసినా, గురువుల మాట జవదాటడం అతడికి చేతకాదు. మైకు తడిస్తే బియ్యంలో పాతిపెట్టడం ఇతడి మరో ఆచారం. తడిసిన ఫోనును బియ్యపు డబ్బాలో దాచిన అనుభవం తెలుగు ఇళ్ళలోనూ తక్కువేమీ కాదు. అయితే గాలి ఆడేచోట వేలాడదీస్తే ఆరిపోయే వస్తువుకు బియ్యం వల్ల ఒనగూడేది ప్లగ్గు రంధ్రాల్లో ఇరుక్కునే గంజిపొడి మాత్రమే.

పెట్టె మూగబోయిన రోజున కాపరిలోని పరిశోధకుడు మేల్కొంటాడు. దోషం మైకులో ఉండాలి, పెట్టెలో ఉండాలి, లేదా పడవలోని తీగల్లో ఉండాలి. బాగా పనిచేస్తున్న మరో మైకు తగిలించి, ఆపై అదే పెట్టెను మరో పడవలో అమర్చి చూస్తే పది నిమిషాల్లో దొంగ దొరుకుతాడు. కాపరి ఈ సులభమార్గాన్ని చిట్టచివరికి వాయిదా వేసి, ముందుగా ఐదో పీటవాడు తన్నడం వల్లే స్పీకరు తీగ తెగిందని తీర్మానించి, అతడి కాళ్ళ పొడవు మీద విచారణ ప్రారంభిస్తాడు. స్పీకరు ప్లగ్గుల్లో పచ్చగా పేరుకున్న చిలుము బయటపడేసరికి ఐదో పీటవాడు కాపరితో మాటలు మానేసి వారం దాటుతుంది.

ఈ మహాప్రయత్నానికి పరీక్ష బంప్స్ పందెం. కామ్ నది ఇరుకు గనుక పడవలు పక్కపక్కన పోటీపడలేవు. ఒకదాని వెనుక ఒకటి, పడవన్నర పొడవు ఎడంతో బారులు తీరి, ఫిరంగి మోగగానే బయలుదేరి, ముందున్న పడవను తాకడానికి వెంటాడతాయి. మే బంప్స్ అనే పేరుతో జూన్‌లో జరిగే ఈ వేడుకలో కాక్స్ ఫిరంగి మోగేదాకా ఒక చేత్తో ఒడ్డుకు కట్టిన గొలుసు కొసను పట్టుకుని, రెండో చేత్తో పెట్టె మీటను సవరిస్తూ ఉంటాడు. పందెం మొదలయ్యాక గట్టు మీద సైకిళ్ళపై వెంటవచ్చే శిక్షకుల కేకలు, ఈలల మధ్య స్పీకర్లు చెప్పేది ఎవరికి వినబడిందని పందెం తరువాత అడిగితే, ఎనిమిదిమందీ ఏకకంఠంతో ఏమీ వినబడలేదని చెబుతారు. అయినా ఓటమికి కారణం కాక్స్ తప్పుడు ఆజ్ఞలేనన్న విషయంలో వారికి సందేహం ఉండదు.

కాపరి చదువు ముగించి వెళ్ళేటప్పుడు పెట్టెతో పాటు పదిహేను నిబంధనల కాగితాన్ని వారసుడికి అప్పగిస్తాడు. ఆ వారసుడు సాధారణంగా సోమరి: వాడగానే మంచినీటితో పైపైన కడిగి, తుడిచి, మైకును కొక్కేనికి తగిలించి, చార్జరు పెట్టి, తిరిగి పనిపడేదాకా పెట్టె ఉనికినే మరిచిపోతాడు, నిబంధనల కాగితాన్ని అతడు ఒక్కసారైనా చదవడు. అతడి హయాంలో పెట్టె ఒక్కనాడూ మూగబోకపోవడాన్ని పడవశాల పెద్దలు పాత కాపరి వేసిన పునాది ఘనతగా లెక్కించి, కళాశాల విందులో ఆయన పేరునే తలుస్తారు.